కోడలొచ్చాక నిండిన ట్యాంకు

కుట్టుమిషన్ గది

వదినగారికి,

నమస్కారం. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు. ఫోన్లో మీరు నన్ను మాట్లాడనివ్వరు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

మా ఇంట్లో నీళ్ళు వెనక్కి తంతున్నాయి. వంటింట్లో గిన్నెలు కడిగి నీళ్ళు వదిలితే అవి స్నానాల గది జాలీలోంచి పైకొస్తున్నాయి. పోయినవి పోయినట్టే తిరిగొస్తే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఇంకా చాలా వెంటబెట్టుకుని వస్తున్నాయి. కమోడ్ అయితే లోపలెవరో కూర్చుని నా మీద చాడీలు చెబుతున్నట్టు గుడగుడలాడుతోంది. ఆయన కట్టించిన ఇల్లు, ఆయన దగ్గరుండి తవ్వించిన సెప్టిక్ ట్యాంకు. ఆయన పోయాక కూడా ఒక్కనాడు నన్ను ఇబ్బంది పెట్టలేదు. మీ అమ్మాయి మా ఇంటికి కోడలిగా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ట్యాంకు మాత్రం నిండింది.

నేనెవరినీ అనడం లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేనేం వేస్తానో నాకు తెలుసు. మావాడి సంగతి, కన్నదాన్ని కాబట్టి తెలుసు. మూడోవాళ్ళ సంగతి వాళ్ళ కన్నతల్లికి తెలియాలి. ఈ కాలం పిల్లలు దూది అని, ప్లాస్టిక్ అని ఏవేవో వాడతారు. చెత్తబుట్టలో వేయడానికి సిగ్గుపడి లోపల పడేసి నీళ్ళు పోస్తే మన కంటికి కనబడవు గానీ ట్యాంకు కంటికి కనబడతాయి. మీరొకసారి మెల్లగా అడగండి. అదే మాట అత్త అడిగితే ఆరా అంటారు, తల్లి అడిగితే ప్రేమ అంటారు.

ఇంకొకటి. ఆసుపత్రి ల్యాబులో అమ్మాయి చేసే పని గౌరవమైనదే, కాదనను. కానీ పొద్దస్తమానం పరాయివాళ్ళ కఫం, మూత్రం సీసాల్లో పట్టుకుని, అవే చేతులతో ఇంటికొస్తుంది. నాకు ఈ మధ్య దగ్గు పట్టుకుంది. ఇదివరకు లేదు. ఇక్కడ కూడా నేనెవరినీ అనడం లేదు.

ఇట్లు,
మీ వదిన


ప్రెస్సు, ప్రూఫుల బల్ల

వదినగారికి,

నమస్కారం. 'నేనెవరినీ అనడం లేదు' అని మీ ఉత్తరంలో రెండుసార్లు ఉంది. నిజంగా ఎవరినీ అనని వాళ్ళు ఆ మాట ఒక్కసారి కూడా రాయరు. అచ్చు తప్పులు పట్టడం నా వృత్తి. ఒకే వాక్యం రెండుసార్లు పడితే కింద గీత పెట్టడం అలవాటు. పెట్టాను.

ట్యాంకు నిండితే కోడలు. దగ్గొస్తే కోడలు. రేపు వాన వెలవకపోతే అదీ కోడలే. ఈ లెక్కన కోడళ్ళు రాని ఇళ్ళలో ట్యాంకులు జన్మలో నిండకూడదు. నేనుండే ఈ మేడలో అందరం ఒంటరి ఆడవాళ్ళం, ఒక్క అత్తా ఒక్క కోడలూ లేరు, అయినా పోయినేడు మెట్ల కిందంతా మురుగు. ఎవర్ని పుట్టింటికి పంపాలో తెలియక పైపు బాగు చేయించాం.

మా ప్రెస్సు ఇంటి మరమ్మతుల మీద ఒక పుస్తకం వేసింది. దాని ప్రూఫులు దిద్దింది నేనే. కాబట్టి అనుమానాలు కట్టిపెట్టి రెండు పనులు చేయండి. మొదట, నీళ్ళు ఒక్క చోటే తంతున్నాయా, అన్ని చోట్లా తంతున్నాయా చూడండి. ఒక్క చోటే అయితే అడ్డం ఆ ఒక్క పైపులో ఉన్నట్టు. అన్ని చోట్లా అయితే దోషం ఇంకా దూరంలో ఉంది. తర్వాత ట్యాంకు మూత తీయించండి. తీసి కాసేపు వదిలేయండి. దాని మీదికి వంగవద్దు, దగ్గర్లో అగ్గిపుల్ల గీయవద్దు, మనిషిని లోపలికి దింపనే దింపవద్దు. మీ ట్యాంకులోంచి ఇంకుడు గుంటకి వెళ్ళే గొట్టం ఒకటుంటుంది. నీళ్ళు దానికి బాగా కింద ఉంటే అడ్డం ఇంటికీ ట్యాంకుకీ మధ్యన. ఆ గొట్టం మునిగి ఉంటే, ట్యాంకు తన నీళ్ళు బయటికి పంపలేకపోతోందన్నమాట.

నా అనుమానం కూడా చెప్పమంటారా. మీ అబ్బాయి పెళ్ళికి ముందు పెరడంతా సిమెంటు చేయించాడట. ఇంకుడు గుంట నెత్తిన సిమెంటు పోసి, దాని మీద బండి నిలబెట్టి, నేరం నా కూతురి మీద రాస్తున్నారేమో చూసుకోండి.

మీ వదిన


వెనక వరండా

వదినగారికి,

నమస్కారం. సిమెంటు చేయించింది ముందు వైపు. ఇంకుడు గుంట వెనక వైపు. బండి అంటారా, మావాడికున్నది సైకిలు. సైకిలు బరువుకే కుంగిపోయే గుంట అయితే మీ ఉత్తరాల బరువుకి ఎప్పుడో కుంగేది.

అన్ని చోట్లా తంతున్నాయి. మా పక్కింటి వడ్రంగి గునపం వేసి మూత లేపాడు. మీరన్న గొట్టం మునిగే ఉంది. అంటే మీ పుస్తకం ప్రకారమే అడ్డం ట్యాంకు దాటాక ఉంది. అడ్డం దానంతటది నడిచి అక్కడికి వెళ్ళదు కదా. ఎవరో వేసిందే కొట్టుకుపోయి పడింది. మీ పుస్తకం నా తరఫున సాక్ష్యం చెప్పింది, చూశారా.

వీధి చివర మా అక్క ఉంది. పెళ్ళిలో మీతో గంటసేపు వాదించింది ఆవిడే. మొదటి రోజే అంది నాతో, "ఆసుపత్రి పిల్లని తెచ్చుకుంటున్నావు. ఆసుపత్రి కూడా దాని వెనకాలే వస్తుంది" అని. నేనప్పుడు వినలేదు. ఇప్పుడు దగ్గుతూ తలుచుకుంటున్నాను.

అయినా నేను రభస చేయలేదు. పెరట్లో పాత మరుగుదొడ్డి ఉంది, దాని గుంట వేరు. రెండు నెలల నుంచీ అమ్మాయిని అది వాడుకోమన్నాను. స్నానం కూడా అక్కడే, పక్కన కొళాయి ఉంది. ఏ గొడవా లేదు. ఆ పిల్ల మారుమాట అనలేదు. తప్పు లేనివాళ్ళెవరైనా అలా తలూపి వెళ్ళిపోతారా. మీరే చెప్పండి.

దగ్గుకి ఏదైనా మంచి మందు మీ పుస్తకంలో ఉంటే రాయండి.

మీ వదిన


మేడ మీది గది

వదినగారూ,

నమస్కారం పెట్టడం లేదు.

రెండు నెలలుగా నా కూతురు వానలో గొడుగు వేసుకుని పెరడు దాటి వెళ్తోందన్న సంగతి, మీ అక్కగారి జోస్యానికీ మీ దగ్గుమందుకీ మధ్యన ఇరికించి రాశారు. నిన్న సాయంత్రమే దానితో మాట్లాడాను. "అంతా బాగుందమ్మా" అంది. చిన్నప్పుడు మొక్కజొన్న కంకి దొంగతనం చేసి కూడా నా దగ్గర దాచలేని పిల్ల. దాచడం మీ ఇంట్లో నేర్చుకుంది.

తప్పు లేనివాళ్ళు తలూపి వెళ్ళిపోతారా అన్నారు. వెళ్తారు. ఎదురు చెబితే గయ్యాళి అంటారని, ఆ తల్లి పెంపకం అంతే అంటారని వెళ్తారు. లోకంలో సగం మంది ఆడవాళ్ళు అలా తలూపి వెళ్ళినవాళ్ళే. తలూపడం ఒప్పుకోవడం కాదు. ఆ తేడా తెలియనట్టు నటించడం మీద ఎన్ని సంసారాలు నడుస్తున్నాయో నేను వ్యాసాలు రాసి రాసి అలిసిపోయాను. చివరికి నా వియ్యపురాలికే రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు జవాబు చెప్పండి. రెండు నెలలుగా ఆ పిల్ల లోపలి కమోడ్ ముట్టుకోలేదు. మీ ట్యాంకు మాత్రం ఇంకా తంతూనే ఉంది. మరి ఇప్పుడు నింపుతున్నదెవరు? ఉన్నది మీరూ మీ అబ్బాయీ. ఆయనొక బెల్లం కొట్టిన రాయి. భార్య గొడుగు పట్టుకుని వెనక్కి వెళ్తుంటే లోపల సబ్బు రుద్దుకుంటూ పాటలు పాడుకుంటున్నాడా?

నాకు అర్థమైంది. మీ గొడవ ట్యాంకుతో కాదు, దాని ఉద్యోగంతో. కోడలు జీతం తెచ్చుకోవాలి, ఆసుపత్రి మాత్రం తేకూడదు. ఏదో ఒక వంకతో మాన్పించాలని చూస్తున్నారు.

ట్యాంకు ఖాళీ చేయించండి. పైపుతో లాగే బండినే పిలవండి. మనిషి దిగాడని తెలిస్తే మన చుట్టరికం కూడా చూడను. ఒక్క గుడ్డ ముక్క, ఒక్క దూది ఉండ బయటపడినా నేనే వచ్చి మీ గుమ్మంలో నిలబడి తప్పు ఒప్పుకుంటాను.


కుట్టుమిషన్ గది

వదినగారికి,

నమస్కారం నేను పెడుతున్నాను. మర్యాద ఎవరు తప్పారో రేపు ఎవరైనా అడిగితే ఉత్తరాలే చెబుతాయి.

మనిషిని దింపేదాన్నని ఎలా అనుకున్నారు. వాళ్ళకీ తల్లులుంటారని నాకు తెలియదా. బండే వచ్చింది. లావాటి పైపు వేసి లాగింది. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మొత్తం అయ్యేదాకా నిలబడ్డాను.

గుడ్డ ముక్క దొరకలేదు. దూది దొరకలేదు. అబద్ధం రాయను.

కానీ అంతకన్నా విచిత్రం చూశాను. మూత తీస్తే కంపు కొట్టాలా లేదా. పెద్దగా కొట్టలేదు. ఏ ఇంట్లో వేసింది ఆ ఇంట్లోనే కరిగిపోవడానికే కదా ట్యాంకు. మా దాంట్లో వేసింది వేసినట్టే ఉంది, ఏదీ కరగలేదు. ఇక ఆ వాసన. నేను పొరబడే వాసన కాదది. ఆసుపత్రి వాసన.

మీకు చెప్పలేదు, ఎవరికీ వివరంగా చెప్పుకోలేదు. ఆయన చిన్న ఆపరేషన్ కోసం నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళారు. ఆపరేషన్ బాగా అయిందన్నారు. ఇంటికి తీసుకెళ్ళమన్నారు. తీసుకొచ్చాక జ్వరం. కుట్టు దగ్గర చీము. మళ్ళీ తీసుకెళ్తే, "ఆసుపత్రిలోనే ఏదో అంటుకున్నట్టుందమ్మా" అన్నాడు ఒక డాక్టరు, బస్సు తప్పిపోయిందని చెప్పినంత తేలిగ్గా. ఆ వరండాలో బల్ల మీద కూర్చుని, రోజంతా ఆ వాసన పీలుస్తూ ఎదురుచూశాను. మనిషిని తీసుకురాలేకపోయాను. వాసన మాత్రం నాతో వచ్చింది.

ఇప్పుడు అదే వాసన ఆయన కట్టించిన ట్యాంకులోంచి వస్తే నన్నేమనుకోమంటారు. గుడ్డలు కాదు వదినగారూ, మీ అమ్మాయి ఆసుపత్రి నుంచి మందులేవో తెచ్చి పోస్తోంది. ఎందుకో, ఎవరికి తెలియకుండానో, అది మీరే కనుక్కోండి. నా దగ్గు ఇప్పుడు ఊపిరాడనివ్వడం లేదు.

మీ వదిన


ప్రెస్సు, ప్రూఫుల బల్ల

వదినగారికి,

నమస్కారం. మీ వారి సంగతి నాలుగుసార్లు చదివాను. పెళ్ళిచూపుల నాడు "ఆయన జబ్బు చేసి పోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేనూ తలూపేశాను. నాలాంటిది కూడా ఒక్క ప్రశ్న వేయకుండా ఊరుకుంది.

మీ అనుమానం నాకూ అంటుకుంది. అమ్మాయికి ఫోన్ చేసి, ల్యాబు నుంచి ఏమైనా తెచ్చి ఇంట్లో పోస్తున్నావా అని అడిగాను. "నువ్వు కూడానా అమ్మా" అంది. పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరి తరఫునా వకాల్తా పుచ్చుకునే దాన్ని, సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి పోలీసునయ్యాను. ఆ సిగ్గు నాది, మీకు పంచను.

కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ఆసుపత్రి వాసన అన్నారు. రోగానికి ఆ వాసన ఉండదు. అది ఆసుపత్రివాళ్ళు నేల కడిగే మందుల వాసన. అది మీ ట్యాంకులో ఉందంటే ఎవరో లోపలి కమోడ్‌లోనే పోస్తున్నారు. అమ్మాయి రెండు నెలలుగా అటు పోలేదని మీరే రాశారు.

కాబట్టి అడుగుతున్నాను. మీ స్నానాల గది శుభ్రం చేసేదెవరు? దేనితో? ఎంతెంత? దాచకుండా రాయండి.

మీ వదిన


వెనక వరండా

వదినగారికి,

నమస్కారం. దాచడానికేముంది. శుభ్రం చేసేది నేనే. ఇంకొకరు చేస్తే నాకు నచ్చదు.

అమ్మాయి కాపురానికొచ్చిన రోజు నుంచీ, ఆ పిల్ల లోపలికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఒక చెంబెడు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు కమోడ్‌లో పోసేదాన్ని. దాని ఎదురుగా పోస్తే నొచ్చుకుంటుందని, అది గదిలోకి పోయాకే. నాకూ మర్యాద తెలుసు. పొద్దున ఆసిడ్. సాయంత్రం ఫినాయిలు. అమ్మాయిని పెరట్లోకి పంపాక మానేశాననుకునేరు. క్రిములు గోడల్లో, పైపుల్లో కాపురం ఉంటాయట, అందుకని మోతాదు పెంచాను. ఆసిడ్ పోసి దాని మీదే బ్లీచింగు చల్లి, ఘాటు బయటికి పోకుండా కిటికీ వేసి, నేను లోపలే ఉండి చీపురుతో రుద్దుతాను. కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, గొంతు మండుతుంది. మండితేనే కదా పని చేస్తున్నట్టు.

మీ అమ్మాయి పనిచేసే ఆసుపత్రిలోనైనా అంత శుభ్రత ఉంటుందా? పందెం కాస్తాను.

దీనికీ ట్యాంకుకీ ఏమిటి సంబంధం?

మీ వదిన


మేడ మీది గది

వదినగారికి,

ముందు లేచి ఆ కిటికీ తెరవండి. తెరిచి వచ్చి మిగతాది చదవండి.

ఆసిడ్, బ్లీచింగు ఒకదాని మీద ఒకటి పోస్తే విషవాయువు పుడుతుంది. మూసిన గదిలో మనిషిని పడేస్తుంది. మీ దగ్గు నా కూతురు తెచ్చింది కాదు. మీరు తలుపు వేసుకుని, కిటికీ వేసుకుని, పనిగట్టుకుని పీల్చింది. ఈ రోజుతో ఆపండి, డాక్టరుకి చూపించుకోండి. ఆసుపత్రి అంటే భయమైతే ఇంటికి పిలిపించుకోండి. చూపించుకోండి గానీ.

ఇక ట్యాంకు. దాన్ని నడిపేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. మన కడుపులోంచే వెళ్తాయి, వెళ్ళినదాన్నంతా తిని నీళ్ళు చేస్తాయి. అవి బతికుంటే ట్యాంకు బతికున్నట్టు. మీరు ఒక పిల్ల మీద అనుమానంతో రోజూ లోపలికి విషం పంపారు. తినేవి చచ్చాయి. వేసింది వేసినట్టే ఉంది. అదే కొట్టుకుపోయి ఇంకుడు గుంటలో రాళ్ళ సందులు పూడ్చేసింది. నీళ్ళు వెనక్కి తన్నాయి. తన్నగానే మీరు ఇంకో చెంబు పోశారు. ఎంత అనుమానిస్తే అంత పోశారు, ఎంత పోస్తే అంత నిండింది, ఎంత నిండితే అంత అనుమానించారు.

ఒక్క మీ ఇంటి సంగతే కాదిది. మనుషుల్ని అంటరానివాళ్ళుగా చూడటానికి శుభ్రత అనే పేరు తగిలించడం చాలా పాత విద్య. గట్టిగా తోమేవాళ్ళు మంచివాళ్ళని, తోమించుకునేవాళ్ళు మురికివాళ్ళని నమ్మించడం దాని పని. మీరు దుర్మార్గులని నేననను. అన్యాయం చేయడానికి దుర్మార్గులే అక్కర్లేదు, భయపడినవాళ్ళు చాలు.

మీ దుఃఖానికి తల వంచుతాను వదినగారూ. మీ బ్లీచింగుకి వంచను. ఆయన్ని తీసుకెళ్ళినది ఒక ఆసుపత్రి చేసిన తప్పు. ఆ తప్పు చేసినవాళ్ళని మీరు ఒక్క మాట అడిగారా? అడగలేదు. అడగగలిగిన దూరంలో, జీతానికి పనిచేసే ఒక పిల్ల దొరికింది. దాన్ని పెరట్లోకి పంపారు.

ఏ మందూ పోయకండి. వట్టి నీళ్ళు, చీపురు చాలు. ఇంకుడు గుంట తవ్వించి రాళ్ళు మార్పించండి. ట్యాంకు దానంతటదే కోలుకుంటుంది. మీ కోడలు కోలుకుంటుందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు.

మీ వదిన


కుట్టుమిషన్ గది

వదినగారికి,

నమస్కారం. చాలా రోజులు ఉత్తరం రాయలేదు. కోపం వచ్చి రాయలేదు.

మీ మాట నమ్మి మానేయలేదు. మీరు తప్పని రుజువు చేయడానికి మానేశాను. పది రోజుల్లో దగ్గు సగం తగ్గింది. నెల తిరిగేసరికి లేదు. నాకెంత ఒళ్ళు మండిందో చెప్పలేను. ఇంకుడు గుంటలో రాళ్ళు మార్పించాం. మీరు చెప్పినట్టే రాళ్ళ సందుల నిండా జిగట. ఇప్పుడు ఎన్ని బిందెలు పోసినా నీళ్ళు గుటుక్కున దిగిపోతున్నాయి. ట్యాంకు మూత సందులోంచి మామూలు కంపు వస్తోంది. కంపు వచ్చిందని సంతోషించే రోజు వస్తుందనుకోలేదు.

అమ్మాయితో, "ఇంక లోపలే వాడుకో" అన్నాను. "ఫర్లేదత్తయ్యా, అలవాటైంది" అంది. మర్నాడు మళ్ళీ చెప్పాను. నవ్వింది, గొడుగు తీసుకుని వెళ్ళింది. మావాడు చెప్పినా అంతే. పోట్లాడినా బాగుండేది. ఆ నవ్వు నాకు అన్నం దిగనివ్వడం లేదు. ఉద్యోగానికి దగ్గరగా గది వెతుకుతోందని కూడా మావాడి మాటల్లో తేలింది.

మీరొక్క మాట చెప్పండి దానికి. తల్లి మాట తోసేయదు.

మీ వదిన


ప్రెస్సు, ప్రూఫుల బల్ల

వదినగారికి,

చెప్పను.

నాతో అది ఇప్పుడిప్పుడే మళ్ళీ మాట్లాడుతోంది. ఆ కాస్త మాటనీ మీ రాయబారానికి ఖర్చు పెట్టను. మొదటి ఉత్తరంలో మీరు నన్నడిగింది ఇదే, 'మీరొకసారి మెల్లగా అడగండి' అని. అది మీ ఇంట్లోనే ఉంది. రెండు గోడల అవతల. దానితో మాట్లాడటానికి రైలెక్కి వెళ్ళే ఉత్తరం ఎందుకు?

అలవాటైందంటే ఏమిటో వెళ్ళి చూశారా? నేను చూడలేదు, మీ ఇంటికి వచ్చినప్పుడు నన్ను లోపలికే పంపారు.

మీ వదిన


వెనక వరండా

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందిన పూటే వెనక్కి వెళ్ళాను. వాన పడుతోంది. అత్తగారి కాలంలో వాడినదే, తర్వాత ఎన్నేళ్ళయిందో అటు చూసి. తలుపు నాని ఉబ్బిపోయింది, పూర్తిగా పడదు. ఒక చేత్తో పట్టుకుని కూర్చోవాలి. పై రేకు చిల్లులోంచి నీళ్ళు సరిగ్గా మెడ మీద పడతాయి. పక్కింటి వడ్రంగి మేడ మెట్లు ఎక్కితే తలుపు పై సందులోంచి లోపలున్నవాళ్ళ తల కనబడుతుంది. నేను దర్జీని వదినగారూ. టేపు పెట్టకుండా గుడ్డ కోయను. అలాంటిది ఈ గది కొలత చూడకుండానే 'ఏ గొడవా లేదు' అని మీకు రాసేశాను.

సాయంత్రం అమ్మాయి రాగానే అడిగాను, ఇది ఎలా అలవాటైందే నీకని.

"అక్కడికి వెళ్ళడం అలవాటు కాలేదత్తయ్యా. ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆపుకోవడం అలవాటైంది."

పొరపాటు నాదేనమ్మా అన్నాను. మొత్తం చెప్పాను, చెంబు దగ్గర్నుంచీ. అది నాకు మంచినీళ్ళిచ్చి, తాగేదాకా ఆగి అంది, "నా వల్ల కాదని నాకు ముందే తెలుసు కదత్తయ్యా. నాకెందుకు చెప్పడం. తెలియనివాళ్ళకి చెప్పండి."

"ఎవరికే?"

"కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పారు కదా, నేనేదో పోస్తున్నానని. ఆ వడ్రంగి గారి భార్య నన్ను వాళ్ళ పాపని ఎత్తుకోనివ్వడం లేదు. మందుల షాపావిడ చిల్లర చేతికివ్వదు, బల్ల మీద పెడుతుంది. గది దొరికితే మేం వెళ్ళిపోతాం, అది వేరు. కానీ ఈ పేరుతో వెళ్ళను."

చెప్పానన్న మాట నిజమే. టేపు మెడలో వేసుకుని, ఒక్కొక్కరి భుజం కొలుస్తూ చెప్పాను.

నిన్న మిషన్ ముట్టుకోలేదు. వీధిలోకి దిగాను. ముందు వడ్రంగి ఇల్లు. ఆవిడ, "అయ్యో, మేమెప్పుడో మర్చిపోయాం పిన్నీ" అంది. నేను మర్చిపోనివ్వలేదు. నా కోడలు తప్పు లేదు, నేనే పోశాను, నా దగ్గు కూడా నా చేతులారా తెచ్చుకున్నదే అని, ఆవిడ తల దించుకునేదాకా చెప్పాను. మందుల షాపులో ఇద్దరు కొనడానికొచ్చినవాళ్ళ ముందే చెప్పాను. ఆవిడ, "మా ఇంట్లోనూ రోజూ పోస్తాం కదండీ, అయితే మా ట్యాంకు" అంటూ తెల్లబోయింది. కొందరు నవ్వారు. ఎదురింటి టీచరమ్మ, "ఇంత దాని కోసం ఇంటింటికీ తిరగాలా" అంది. "అప్పుడు ఇంటింటికీ తిరిగి చెప్పలేదు గానీ, ఇంటింటికీ చేరేట్టు చెప్పానమ్మా" అన్నాను.

ఒక్క ఇల్లు మిగిలింది. మా అక్కది. ఆ గుమ్మం ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి ఇంటికొచ్చేశాను. అందరి ముందూ తగ్గొచ్చు వదినగారూ, తోడబుట్టినదాని ముందు తగ్గడం ఉందే, అది మీకు తెలియదు, మీరు ఒక్కరే పుట్టారు. ఇంటికొస్తే అమ్మాయి కూరగాయలు తరుగుతోంది. తలెత్తకుండా, "పెద్దత్తయ్య ఉన్నారా ఇంట్లో" అంది. అంతే. గొడుగు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

ఈ రోజు పొద్దున వెళ్ళాను. అక్క మొత్తం విని, "కోడలు నిన్ను వీధిలో నిలబెట్టిందన్నమాట" అంది.

"నేను దాన్ని పెరట్లో నిలబెట్టానక్కా. వీధి నయం."

"లొంగిపోయావు."

"దగ్గు తగ్గింది" అన్నాను. అక్క తలుపు దాకా కూడా రాలేదు. రేపటి నుంచి నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు.

తిరిగొచ్చేసరికి మావాడు ముందు గదిలో సైకిలు తుడుస్తున్నాడు. "నువ్వు పెద్దమ్మ గుమ్మం ఎక్కడం చూశానమ్మా. తనకి చెప్పాను" అన్నాడు. మీరు రాయి అన్నారు గానీ, ఆ మాత్రం మాట వచ్చింది వాడికి.

గొడుగు మూల నిలబెట్టి ఉంది, పొడిగా. లోపలి స్నానాల గది తలుపు వేసి ఉంది. నీళ్ళ చప్పుడు. అద్దె గది సంగతి ఇంకా తేలలేదు, వాళ్ళు వెళ్తారో ఉంటారో నేనడగలేదు.

నిజం చెప్పాలంటే నాకప్పుడు అవసరంగానే ఉంది. తలుపు కొట్టలేదు. మిషన్ ముందు కూర్చుని నా వంతు కోసం చూశాను. చాలాసేపే పట్టింది.

మీ వదిన